నల్లగొండలో ఒక యాప్ 154 అంటోంది, ఇంకోటి 100 అంటోంది. ఏ ఏక్యూఐ నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీది నల్లగొండ పట్టణం. పొద్దున ఒక యాప్ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 154 అని ఎర్ర రంగులో 'అన్‌హెల్దీ' చూపించింది. అదే టైముకు ఇంకో యాప్ 100 అని, 'శాటిస్‌ఫాక్టరీ' అని ఆకుపచ్చ రంగులో చూపించింది. మీ నాన్నగారికి ఆస్తమా. ఆయన్ని వాకింగ్‌కు పంపాలా వద్దా, రెండింటిలో ఏది అబద్ధం, నాలుగైదు వేలు పెట్టి సొంతంగా మీటర్ కొంటే ఈ టెన్షన్ పోతుందా అని అడిగారు. డాబా మీద తెల్ల దుమ్ము పేరుకుంటోందని కూడా రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండూ అబద్ధం కాకపోవచ్చు, రెండూ ఒకే గాలి గురించి మాట్లాడుతూ ఉండొచ్చు. గాలిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు లెక్కలో ఏక్యూఐ 100 వస్తుంది. అదే 60ని అమెరికా లెక్కలో వేస్తే 154 వస్తుంది. మీరు రాసిన అంకెలు అచ్చంగా ఇవే కాబట్టి నా అనుమానం అదే. ఏక్యూఐ అంకె పక్కన పెట్టి, యాప్‌లో కిందికి జరిపి మైక్రోగ్రాముల అంకె చూడండి. రెండు యాపుల్లోనూ అది దగ్గర దగ్గరగా ఉంటే గొడవ గాలిలో లేదు, కొలబద్దలో ఉంది.

కానీ దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఆ అంకెను మీ ఊళ్లో ఏదైనా మిషన్ కొలిచిందా?

నేను ఒక ప్రైవేటు ల్యాబ్ తరఫున గాలి శాంపిళ్లు తీసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, చిట్యాల రోడ్డు, జడ్చర్ల పారిశ్రామికవాడ, ఇంకా లెక్కలేనన్ని కంకర క్రషర్లు తిరిగాను. కాబట్టి పుస్తకంలో ఉన్నదే కాకుండా, డాబా ఎక్కి మిషన్ పెట్టినవాడికి తెలిసే సంగతులు కూడా కొన్ని చెబుతాను.

ఎవరు కొలుస్తున్నారు?

గాలిని కొలిచే ప్రభుత్వ స్టేషన్లు రెండు రకాలు. మొదటిది ఆటోమేటిక్‌ది. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం వంటి చోట్ల ఉన్నవి ఇవే. మిషన్ గాలిని పీల్చి ఒక పేపరు టేపు మీద దుమ్ము పట్టించి, దాని గుండా బీటా కిరణాలు పంపి, ఎన్ని కిరణాలు అడ్డుపడ్డాయో చూసి బరువు లెక్కగడుతుంది. గంట గంటకూ రీడింగ్ వస్తుంది, నేరుగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్వర్‌కు పోతుంది. వాళ్ల సమీర్ యాప్‌లో కనిపించేది ఈ డేటానే.

రెండోది మాన్యువల్ స్టేషన్. జిల్లా కేంద్రాల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. పద్ధతి ప్రకారం వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటల చొప్పున శాంపిల్ తీస్తారు. ఏడాదికి 104 రీడింగులు. పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువులు) కోసం ఎనిమిది గంటలకోసారి ఫిల్టర్ పేపర్ మార్చాలి. ఆ పేపర్‌ను ముందే డెసికేటర్‌లో పెట్టి తేమ తీసేసి తూకం వేస్తాం, శాంపిల్ అయ్యాక మళ్లీ అలాగే ఆరబెట్టి తూస్తాం. రెండింటి తేడాయే దుమ్ము బరువు. మిషన్ నిమిషానికి దాదాపు 1.1 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది, అంటే ఎనిమిది గంటలకు 528. పీఎం 10 సరిగ్గా 100 ఉందనుకుంటే పేపర్ మీద దాదాపు 53 మిల్లీగ్రాములు చేరాలి.

పీఎం 2.5 ఫిల్టర్ ఇంకా చిన్నది, 47 మిల్లీమీటర్ల బిళ్ల. దానిలోంచి 24 గంటల్లో పోయే గాలి 24 ఘనపు మీటర్లే. గాలిలో 60 మైక్రోగ్రాములు ఉంటే ఆ బిళ్ల బరువు పెరిగేది 1.44 మిల్లీగ్రాములు. వేలితో ముట్టుకుంటే చేతి జిడ్డుకే లెక్క తప్పుతుంది, అందుకే పటకారుతో తప్ప ముట్టం. పేపర్ రంగు చూస్తేనే సగం కథ తెలిసిపోతుంది: రైస్ మిల్లు పక్కన పెట్టింది నలుపు కలిసిన బూడిద రంగు, క్రషర్ దగ్గరిది పాలిపోయిన తెలుపు, హైవే పక్కది మట్టి గోధుమ.

ఇంత శ్రమపడి తీసిన రీడింగు మీ ఫోన్‌కు ఆ రోజే రాదు. ల్యాబ్‌లో తూకమయ్యాక, నివేదికల్లోకి ఎక్కాక, ఎప్పటికో బయటికొస్తుంది. అయినా దానికి పెద్ద విలువే ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ కూడా ఉంది. ఏళ్ల తరబడి తీసిన రీడింగుల్లో కాలుష్యం హద్దు దాటుతూ వస్తేనే ఒక ఊరిని ఆ జాబితాలో వేస్తారు. కాబట్టి 'మనది చిన్న ఊరు, మనకేం కాలుష్యం' అనే మాట నల్లగొండకు చెల్లదు.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. సమీర్ యాప్‌లో మీ ఊరి పేరు వెతకండి. స్టేషన్ దొరికితే దాన్నే పట్టుకోండి. దొరక్కపోయినా వేరే వాతావరణ యాప్ ఏదో అంకె చూపిస్తోందంటే, అది ఉపగ్రహ చిత్రాలు, గాలి దిశ, వేడి, తేమ కలిపి కంప్యూటర్ వేసిన అంచనా. కొన్ని యాపులు వాడే ప్రపంచ స్థాయి మోడళ్లలో ఒక్కో గడి దాదాపు 40 కిలోమీటర్లు ఉంటుంది. నల్లగొండ, నకిరేకల్, మధ్యలోని పొలాలు అన్నీ ఒకే గడిలో పడిపోవచ్చు. ఢిల్లీ వైపు నుంచి పొగ దిగిందా, వానకు గాలి కడుక్కుపోయిందా అన్న పెద్ద కదలికలు దానికి తెలుస్తాయి. మీ వీధి చివర చెత్తకుప్ప తగలబడుతున్న సంగతి దానికి తెలియదు.

100 ఎలా వస్తుంది, 154 ఎలా వస్తుంది?

మన జాతీయ ఏక్యూఐని 2014లో రూపొందించి 2015 ఏప్రిల్‌లో అమల్లోకి తెచ్చారు. లెక్కలోకి వచ్చేవి ఎనిమిది: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. ప్రతిదానికీ విడివిడిగా ఒక సబ్ ఇండెక్స్, అంటే దాని ఒక్కదాని ఏక్యూఐ అంకె, వేస్తారు.

పీఎం 2.5కు మెట్లు ఇలా ఉంటాయి. 30 మైక్రోగ్రాములకు 50, 60కి 100, 90కి 200, 120కి 300, 250కి 400. మధ్యలో ఉన్నదాన్ని దామాషా ప్రకారం వేస్తారు. ఒకసారి ఈ మెట్లను జాగ్రత్తగా చూడండి. ఏక్యూఐ 100 నుంచి 200కు పెరిగిందంటే కాలుష్యం రెట్టింపైందని అందరూ అనుకుంటారు. నిజానికి దుమ్ము పెరిగింది 60 నుంచి 90కి, అంటే ఒకటిన్నర రెట్లే. 60 లోపు ఒక్కో మైక్రోగ్రాముకు ఏక్యూఐ రెండు పాయింట్ల లోపే పెరుగుతుంది, 60 నుంచి 120 దాకా మూడు పాయింట్ల పైనే. ఇది దుమ్మును సూటిగా చెప్పే అంకె కాదు, జనాన్ని హెచ్చరించడానికి కట్టిన మెట్లు.

అమెరికా మెట్లు వేరు. వాళ్లు 2024లో ఇంకా బిగించారు: 9 మైక్రోగ్రాముల దాకానే 'గుడ్', 35.4 దాటితే 100 దాటినట్టే, 55.5 నుంచి ఎర్ర రంగు. మన దగ్గర 24 గంటల ప్రమాణమే 60 కాబట్టి 60కి 100 పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల హద్దు అయితే 15 మాత్రమే. విదేశీ కంపెనీల యాపులు చాలావరకు అమెరికా మెట్లనే వాడతాయి. కొన్నింటిలో సెట్టింగ్స్‌లోకి పోతే మార్చుకోవచ్చు.

ఏది సరైనది అంటే నా అభిప్రాయం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మన మెట్లు సరిపోతాయని వాదించవచ్చు. ఆస్తమా ఉన్న పెద్దాయనకు మాత్రం 'శాటిస్‌ఫాక్టరీ' అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు. ఆ శాటిస్‌ఫాక్టరీకి అధికారిక వివరణలోనే, సున్నితంగా ఉండేవాళ్లకు ఊపిరి తీసుకోవడంలో కొద్దిపాటి ఇబ్బంది రావచ్చని రాసి ఉంటుంది. అక్కడిదాకా చదివేవాళ్లు తక్కువ.

అన్నిటిలోకి పెద్దదే ఏక్యూఐ

సబ్ ఇండెక్సులన్నీ వేశాక వాటిని కూడరు, సగటు తీయరు. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏదో అదే ఆ చోటి ఏక్యూఐ. పదో తరగతి మెమోలో మొత్తం మార్కులు, మిగతా సబ్జెక్టులు వదిలేసి, అన్నిటికన్నా అధ్వాన్నంగా వచ్చిన ఒక్క సబ్జెక్టు మార్కే గోడకు అంటించినట్టు. కనీసం మూడింటి డేటా ఉండాలి, అందులో పీఎం 10 గానీ పీఎం 2.5 గానీ ఒకటి తప్పనిసరి, 24 గంటల్లో కనీసం 16 గంటల రీడింగులు ఉండాలి. లేకపోతే ఆ స్టేషన్‌కు ఆ రోజు ఏక్యూఐ ఉండదు. రోజంతా కరెంటు కోతలుంటే గడి ఖాళీగా కనబడేది అందుకే.

దీనివల్ల ఒక చిక్కుంది. ఒకచోట పీఎం 2.5 48 ఉందనుకోండి, సబ్ ఇండెక్స్ 80. అక్కడే పీఎం 10 130 ఉంది, సబ్ ఇండెక్స్ 120. ఏక్యూఐ 120, 'మోడరేట్'. ఇంకోచోట పీఎం 2.5 66 ఉంది, దానికీ 120. రెండు చోట్లా బోర్డు మీద ఒకే అంకె, ఒకే పసుపు రంగు. కానీ మొదటిది ఎక్కువగా రోడ్డు దుమ్ము, మట్టి, క్రషర్ పొడి. ముక్కు, గొంతు, పెద్ద శ్వాసనాళాల దాకా పోతుంది. రెండోది పొగ: వాహనాలు, కట్టెలు, చెత్త, బొగ్గు. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగుతుంది. మన దక్షిణ తెలంగాణ ఊళ్లలో నేను చూసినంతవరకు మొదటి రకం రోజులే ఎక్కువ, చలికాలంలో రెండోది పైచేయి అవుతుంది. అందుకే అంకె పక్కన 'ప్రామినెంట్ పొల్యూటెంట్' అని ఏది రాసి ఉందో చూడండి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అక్కడ ఓజోన్ అని కూడా కనిపించవచ్చు. అది వాయువు, ఎన్95 మాస్కు దాన్ని ఆపదు. ఆ పూట ఇంట్లో ఉండటమే మేలు.

24 గంటల సగటు చేసే మాయ

మీలాంటివాళ్లు గమనించాల్సింది అన్నిటికన్నా ఇదే. ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్‌లకు 8 గంటల సగటు, మిగతా అన్నిటికీ 24 గంటల సగటు. సమీర్‌లో గంట గంటకూ అంకె మారుతుంది కదా అంటారేమో. మారేది సగటే. ప్రతి గంటా వెనకటి 24 గంటలు కలుపుకుని చూపిస్తుంది.

యాసంగి వడ్లు కోశాక మన దగ్గర పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెడతారు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఊరి మీద పొగ కమ్ముకుంది, ఆ మూడు గంటలు పీఎం 2.5 300 ఉంది, మిగతా 21 గంటలు 40 ఉంది అనుకుందాం. సగటు 72.5, ఏక్యూఐ 142. 'మోడరేట్'. ఆ మూడు గంటల్లో మీ నాన్నగారు పీల్చింది మాత్రం 'సివియర్', అంటే అన్నిటికన్నా అధ్వాన్నమైన మెట్టు గాలి. ఇంకా విచిత్రమేమంటే, తెల్లారి గాలి తేటపడ్డాక కూడా యాప్ 142 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే రాత్రి పొగ ఇంకా సగటులో కూర్చుని ఉంటుంది. పొగ ఉన్నప్పుడు తక్కువ, పోయాక ఎక్కువ చూపించడం ఇందుకే. అమెరికా వాళ్లు దీన్ని కొంత సర్దడానికి, మారుతున్న గాలికి తగ్గట్టు ఇటీవలి గంటలకు ఎక్కువ బరువిచ్చే 12 గంటల లెక్క వాడతారు. రెండు యాపుల మధ్య తేడాకు అది ఇంకో కారణం కావచ్చు.

పొగ విషయంలో యాప్ కన్నా ముక్కును, కంటిని నమ్మండి. వాసన వస్తోంది, కళ్లు మండుతున్నాయి, వీధి లైటు చుట్టూ మసక కనబడుతోంది అంటే కిటికీలు మూసేయడమే. అంకె కోసం ఎదురుచూడక్కర్లేదు.

డాబా మీది తెల్ల దుమ్ము

ఇది ఏక్యూఐలో దాదాపుగా రాదు. పీఎం 10 అంటే 10 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు. మిషన్ నోటి దగ్గరే పెద్ద రేణువులను విడగొట్టేస్తారు. ఆకుల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద, డాబా మీద పొరలా పేరుకునే దుమ్ములో ఎక్కువ భాగం అంతకన్నా పెద్దదే. వెనకట మొత్తం దుమ్ముకు ఒక ప్రమాణం ఉండేది. 2009లో కొత్త ప్రమాణాలు వచ్చినప్పుడు దాన్ని తీసేసి పీఎం 10, పీఎం 2.5 మాత్రమే పెట్టారు. ఒక క్రషర్ దగ్గరి తండాలో వాళ్ల ఇళ్ల మీద రోజూ దుమ్ము ఊడుస్తున్నా మా పీఎం రీడింగు హద్దులోనే వచ్చింది. 'మీ మిషన్ దొంగది' అని అక్కడి పెద్దమ్మ మా ముఖం మీదే అంది. మిషన్ దొంగది కాదు, ఆమె చెప్పేదీ నిజమే. మేం కొలిచింది వేరు, ఆమె ఊడుస్తున్నది వేరు.

ఏక్యూఐలో రానివి ఇంకా ఉన్నాయి. మందుల కంపెనీల వైపు రాత్రిపూట వచ్చే ఘాటు వాసన, ద్రావకాల ఆవిర్లు, రైస్ మిల్లు నుంచి ఎగిరే ఊక బూడిదలో పెద్ద ముక్కలు. 'ఏక్యూఐ 60 ఉంది కదా' అని ఎవరైనా మీ నోరు మూయించబోతే ఈ మాట చెప్పండి. క్రషర్లకైతే విడిగా నిబంధన ఉంది: యంత్రాలకు నిబంధనలో చెప్పిన దూరంలో కొలిస్తే దుమ్ము 600 మైక్రోగ్రాములు దాటకూడదు. నల్లగొండలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి గానీ, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. దరఖాస్తులో తేదీ, టైము, గాలి ఎటు నుంచి వీస్తోంది, దుమ్ము ఫొటో పెట్టండి. గాలి వీస్తున్న దిక్కున, క్రషర్ నడుస్తుండగా కొలవమని రాయండి. ఆ రెండు షరతులు రాయకపోతే సెలవు రోజున ఎదురు దిక్కున కొలిచి రిపోర్టు ఇవ్వడం నేను చూశాను.

మీటర్ కొనాలా?

కొనొచ్చు, కానీ దేనికి వాడాలో తెలిసి కొనండి. నాలుగైదు వేల మీటర్లలో ఉండేది చిన్న ఫ్యాను, ఒక లేజర్ దీపం. దుమ్ము మీద పడి చెదిరిన వెలుతురు చూసి బరువును ఊహిస్తుంది, తూకం వేయదు. తేమ ఎక్కువున్నప్పుడు రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి కాబట్టి డిసెంబరు మంచులో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ప్రభుత్వ మిషన్లలో గాలిని వేడి చేసి తేమ తగ్గించాకే కొలుస్తారు. పెద్ద రేణువులను ఆ చిన్న ఫ్యాను సరిగా లాగలేదు. అందుకని దాని పీఎం 10 అంకెను పట్టించుకోకండి. మన రోడ్డు దుమ్మును అది బాగా తక్కువ చూపిస్తుంది. దగ్గరలో పోపు వేశారా, అగరుబత్తి వెలిగించారా, ఒక్కసారిగా వందలకు ఎగబాకుతుంది. అది తప్పు రీడింగ్ కాదు, వంటింట్లో నిజంగానే అంత పొగ ఉంటుంది.

ఖచ్చితమైన అంకె కోసం కాకుండా, పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఏ గంటలో ఎక్కువ, ఏ కిటికీ తెరిస్తే పెరుగుతోంది, ఏ గది నయం అని.

మీ నాన్నగారి వాకింగ్

మన దగ్గర చాలామంది పెద్దవాళ్లు తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరతారు, గాలి స్వచ్ఛంగా ఉంటుందని. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అది తప్పు లెక్క. చలికి నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా కూర్చోవడంతో రాత్రంతా చేరిన పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది. ఎండ పడి నేల వేడెక్కాక ఆ మూత లేస్తుంది. చలికాలంలో తొమ్మిది దాటాక పంపండి, సాయంత్రం అయితే చీకటి పడకముందే ఇంటికి వచ్చేయాలి. ఎండాకాలంలో తిరగబడుతుంది, అప్పుడు పొద్దున్నే మేలు. హైవే పక్కన, గడియారం సెంటర్ లాంటి ట్రాఫిక్ చోట్ల కాకుండా లోపలి వీధుల్లో నడిస్తే ఏ యాప్ చూడకుండానే చాలా దుమ్ము తప్పుతుంది.

పీఎం 2.5 35 దాటిన రోజు ఆయన వేగంగా నడవకుండా చూడండి, 60 దాటితే బయట వాకింగ్ మానేసి ఇంట్లోనే నడవమనండి. ఇది నేను మా ఇంట్లో పెట్టుకున్న హద్దు, మెడికల్ సలహా కాదు. ఇన్‌హేలర్ సంగతి డాక్టర్‌గారితోనే మాట్లాడండి. అక్కడికి పోయేటప్పుడు దగ్గు, ఆయాసం ఎక్కువైన రోజులు, ఆ రోజు పీఎం 2.5 ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి తీసుకుపోతే ఉపయోగపడుతుంది.

వీలైతే ఆ రెండు యాపుల స్క్రీన్‌షాట్లు, మైక్రోగ్రాముల అంకె కనబడేట్టు ఇక్కడ పెట్టండి. ఇల్లు ఏ వైపు ఉంది, దగ్గరలో క్రషర్ గానీ మట్టి రోడ్డు గానీ ఉందా అన్నది కూడా రాస్తే, ఆ తెల్ల దుమ్ము ఎక్కడిదో కొంతవరకు చెప్పగలను.